జీతాల వరసలో పోనిరన్ పెళ్ళాం

డిసెంబర్ 9, 1941
మాగెలాంగ్ బ్యారక్

ఈ నోటుబుక్కు మా అమ్మాయి తుమి బడి కోసం కొన్నది. పిల్లకి ఇంకా అక్షరాలు రాలేదు, కాబట్టి నేనే వాడుకుంటున్నాను. ఈ హాల్లో నలభై మంచాలు, నలభై కాపురాలు. మంచానికీ మంచానికీ మధ్య ఒక గుడ్డ తెర. పిల్లలు మంచాల కింద పడుకుంటారు. మా నాన్నా తెల్లదొరల సైన్యంలో సిపాయే, నేనూ ఇలాంటి మంచం కిందే పెరిగాను. ఇక్కడ ఒకరు దగ్గితే నలభై ఇళ్ళకి తెలుస్తుంది. అందుకే మాకో పద్ధతి ఉంది: తెర అవతల విన్నది విననట్టే ఉండాలి. మొగుడు పెళ్ళాన్ని తిట్టినా, పెళ్ళాం మొగుడి జేబులు వెతికినా, పొద్దున పొయ్యిల దగ్గర ఆ ఊసు ఎవరూ ఎత్తరు. ఎత్తినవాళ్ళని నెలరోజులు ఎవరూ పలకరించరు.

పద్ధతి మంచిదే. కానీ అందరూ విననట్టు నటించే చోట మాట్లాడ్డం కంటే, అసలు చెవులే లేని కాగితంతో చెప్పుకోవడం హాయిగా ఉంది.

జపాన్‌తో యుద్ధం వచ్చిందట. జీతాల రోజు మాత్రం మారలేదని మా ఆయన పోనిరన్ చెప్పాడు.

డిసెంబర్ 11

తుమికి దగ్గు. హాలంతా జాగారం. పద్ధతి ప్రకారం ఎవరూ ఏమీ అనలేదు.

డిసెంబర్ 20

జీతాలిచ్చారు. మా ఆయన ఎప్పటిలాగే మొత్తం తెచ్చి నా ఒళ్ళో పోశాడు. సిగరెట్లకి నేను తీసిచ్చింది పట్టుకుపోయాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. బియ్యం, బొగ్గులు, కొబ్బరినూనె, తుమి మందు పోను మిగిలింది ఒక్క గుప్పిట్లో పట్టింది.

మా తెర అవతల కాపురం ఏలియాస్‌ది, అంబోన్ దీవి వాళ్ళు, కిరస్తానీలు. ఆయనా మా ఆయనా ఒకే ఏడు చేరారు. ఒకే తుపాకి, ఒకే కవాతు, ఒకే ఎండ. ఆయన జీతం మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు. పైగా ఆయన కార్పొరల్ అయ్యాడు, మావాడు కాలేదు. పొయ్యిల దగ్గర ఆయన భార్య దోర్సినా మాంసం తరుగుతోంది. నాకంటే పదేళ్ళు పెద్దది, వాళ్ళ పద్ధతిలో ఉసి, అంటే అక్క, అని పిలుస్తాను.

"ఉసీ, మీ ఆయనకి అంత జీతం ఎందుకిస్తారు?" అన్నాను.

"మా వాళ్ళకి మాంసం లేందే ముద్ద దిగదు చెల్లీ. మీవాళ్ళు ఎండుచేప ముక్కతో సర్దుకుంటారు. ఖర్చుని బట్టి జీతం."

"సర్దుకుంటున్నాం కాబట్టి ఇవ్వట్లేదా, ఇవ్వట్లేదు కాబట్టి సర్దుకుంటున్నామా?"

"అది జీతాలిచ్చే లామర్స్ దొరనడుగు. నన్నడిగితే ఉల్లిపాయలు తరగమంటా," అని కత్తి నా చేతిలో పెట్టింది.

తరిగాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. పోయేటప్పుడు నా గిన్నెలో నాలుగు ముక్కలేసి పోయింది. ఒకటి తిన్నాక గానీ అది పందిది కాదు కదా అని అడగడం గుర్తు రాలేదు. మేకదేనట.

జనవరి 3, 1942

శనివారం తనిఖీ. మంచాల బల్లలు బయటికి లాగి, నల్లులు చావాలని మరిగే నీళ్ళు పోశాం. నల్లులు చావవు, మా చేతులే కాలతాయి. హాలుకి పెద్దదిక్కు కెర్తో అవ్వ. ఆమె మొగుడు సార్జెంటుగా ఉండగా చనిపోయి పదిహేనేళ్ళయినా ఆవిడ ఈ హాలు వదల్లేదు. "తెల్లగుడ్డ పెట్టి మంచం కోళ్ళు తుడుస్తాడు దొర. నల్లబడిందో, మీ మొగుళ్ళ జీతం కోస్తాడు. తర్వాత నా దగ్గర ఏడవద్దు," అని కర్రతో నేల కొడుతూ తిరిగింది.

నల్లబడలేదు. నలభై కాపురాల్లో ఒక్క మంచమూ నల్లబడలేదు. ఆ దొర ఇంట్లో మంచాలెలా ఉంటాయో ఒకసారి నేనూ తెల్లగుడ్డ పట్టుకుని చూసి రావాలి.

జనవరి 15

తరకాన్ దీవి జపాన్ వాళ్ళ చేతికి పోయిందట. రేషన్ బియ్యంలో సగం నూకలే. ఎండుచేపలు ముట్టుకుంటే పొడిపొడి అవుతున్నాయి.

నేను రోజూ వండి అమ్మే పెచెల్ మాత్రం ఆగలేదు. ఆకుకూరలు ఎక్కడో అక్కడ దొరుకుతాయి, మీద పోసే వేరుశనగ పచ్చడికే తంటా. సిపాయిలు జీతాల రోజు ఇస్తామని తిని పోతారు. "యుద్ధానికి పోయేవాళ్ళం, మా బాకీలు కూడా రాసుకుంటావా వదినా?" అన్నాడొకడు. "రాసుకుంటా. బాకీ ఉన్నవాళ్ళు తిరిగి రావాలిగా," అన్నాను. వాడు నవ్వి ఇంకో ఆకు పెచెల్ పెట్టించుకున్నాడు.

ఫిబ్రవరి 26

పొద్దున్నే వెళ్ళిపోయారు. సోలో ఊరి వైపట. నూట ఇరవైమంది.

ఆయన మంచం మీద కూర్చుంటే నేను కింద కూర్చుని కాళ్ళకి గుడ్డపట్టీలు చుట్టాను. చుడుతూ ఒక మాటన్నాను. ఏమన్నానో రాయను.

ఫిబ్రవరి 28

రాయనన్నాను కదా. రాయను.

మార్చి 2

జపాన్ వాళ్ళు ఒడ్డుకి దిగారట. ఎక్కడెక్కడ అంటే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతున్నారు.

మార్చి 6

ఆఫీసర్ల ఇళ్ళ ముందు లారీలు. పరుపులు, అద్దాలు, కుక్కలు, దొరసానులు. రెండు రోజులుగా పోతూనే ఉన్నారు. మాకోసం ఏ లారీ రాలేదు, వస్తుందని మేమూ అనుకోలేదు. మూల బంగళాలో పియానో వదిలేసి పోయారు. మా పిల్లలు వెళ్ళి దాన్ని పగలంతా మోగిస్తున్నారు. లాక్కొచ్చి కొట్టమని కెర్తో అవ్వ అంది. ఎవరూ కదల్లేదు.

మార్చి 9

లొంగిపోయామని దొరలు సంతకం పెట్టేశారట. మొత్తం సైన్యం, ఒక్క కాగితం మీద. రేడియోలో చెప్పారు.

హాల్లో ఏడ్చినవాళ్ళున్నారు. నేను ఏడవలేదు. యుద్ధం అయిపోయిందంటే మా ఆయన ఇంటికొస్తాడు. నా లెక్క అంతే.

మార్చి 11

వచ్చారు. మా మగవాళ్ళు, ఆకలితో, చెప్పుల్లేకుండా, గడ్డాలతో. గేటు దగ్గర బల్ల వేసుకుని లామర్స్ దొర పేర్లు రాసుకున్నాడు. రానివాళ్ళ సంగతి వచ్చినవాళ్ళని అడిగి రాస్తున్నాడు. మేము ఆడవాళ్ళమంతా బల్ల చుట్టూ నిలబడ్డాం. దొర పక్కన జపాన్ సిపాయి ఒకడు, కుర్రాడే, అరటిపండు తింటున్నాడు.

ఏలియాస్ కుంటుతూ వచ్చాడు. దొర అడిగాడు, "పోనిరన్?"

ఏలియాస్ దొరని చూడలేదు, నన్ను చూశాడు.

"పారిపోయాడు దొరా. తుపాకి వరి మళ్ళో పారేసి, ఎవరిదో లుంగీ కట్టుకుని పోయాడు."

దొర రాసుకున్నాడు. ఇంత సంతోషం తట్టుకోవడానికి పక్కనున్న స్తంభం పట్టుకోవలసి వచ్చింది. బతికున్నాడు. నా మాట విన్నాడు.

మార్చి 12

ఏలియాస్ మా ఆయన జీతం పుస్తకం తెచ్చిచ్చాడు. అందులో పేరు, నంబరు, ఇచ్చిన జీతాలు అన్నీ ఉంటాయి. పారిపోయేవాడికి అలాంటిది దగ్గర ఉండకూడదు, దొరికితే ఎవరో తెలిసిపోతుంది. అందుకే ఏలియాస్‌కి ఇచ్చి పోయి ఉంటాడు. తెలివైనవాడు.

పుస్తకం తడిసి ఆరింది. పేజీలు అంటుకున్నాయి, గోధుమరంగు మరక. మళ్ళో బురద అయి ఉంటుంది.

జీతాల డబ్బాలో మిగిలిన సొమ్ము జపాన్ వాళ్ళ చేతికి పోయేలోగా పంచెయ్యమని కెప్టెన్ దొర చెప్పాడట. తిరిగొచ్చినవాళ్ళకి మూడు నెలల జీతం. చనిపోయినవాళ్ళ ఇళ్ళకి ఏమీ లేదు, వాళ్ళకి పింఛను బాండుంగ్ ఆఫీసు నుంచి రావాలి. పారిపోయినవాళ్ళకి అసలే లేదు.

అసలే లేకపోవడం ఏమిటో రేపు వెళ్ళి కనుక్కుంటాను.

మార్చి 13

వరసలో నిలబడ్డాను. మగవాళ్ళ వరస అది. ముందున్నవాడు "ఇది జీతాల వరస వదినా, బియ్యానిది కాదు," అన్నాడు. "తెలిసే నిలబడ్డాను. నా బాకీ పదిహేను సెంట్లు నీ దగ్గర ఉన్నట్టుంది, అది కూడా ఇదే వరసలో తీసుకుంటా," అన్నాను. తర్వాత మాట్లాడలేదు.

లామర్స్ దొర తల ఎత్తకుండానే, "నీ పేరు లేదు," అన్నాడు.

"నా పేరు ఎప్పుడూ లేదు దొరా. పోనిరన్ పేరుంది."

"పోనిరన్ పారిపోయాడు."

"ఫిబ్రవరిలో పారిపోలేదుగా. ఫిబ్రవరి నెలంతా మీరు చెప్పినట్టు నిలబడ్డాడు, కూర్చున్నాడు, నడిచాడు. దాని జీతం ఇవ్వండి."

"పారిపోయినవాడికి జీతం ఉండదు. అది రూలు."

"రూలు పుస్తకం లారీలో పోలేదా దొరా? అందరూ పోయారుగా."

వరసలో నవ్వారు. దొర పక్కకి తప్పుకోమన్నాడు. తప్పుకుని పక్కనే నిలబడ్డాను, బల్ల ఎత్తేదాకా.

మార్చి 14

మళ్ళీ నిలబడ్డాను.

ఈరోజు రాసేస్తాను, ఎందుకంటే ఇవాళ వందమంది ముందు చెప్పేశాను. దొర అన్నాడు, "పిరికివాడి పెళ్ళానివి, సిగ్గు లేకుండా రోజూ వస్తావేం?"

అప్పుడు చెప్పాను. "పారిపొమ్మన్నది నేనే దొరా. కాళ్ళకి పట్టీలు చుడుతూ చెప్పాను: దొరలు పారిపోతే నువ్వూ పారిపో, వాళ్ళు లేని చోట ఒక్క క్షణం నిలబడకు, నువ్వు చస్తే ఈ మంచం కూడా మాకుండదు అని. అనండి నన్ను పిరికిదాన్నని. మీరంతా తుపాకులు కాగితం మీద సంతకం పెట్టి పారేశారు. నా మొగుడు మళ్ళో పారేశాడు. ఆయనకి సంతకం పెట్టే బల్ల దొరకలేదు, అంతే తేడా. మీ జీతం మీకొచ్చిందా లేదా?"

ఎవరూ నవ్వలేదు. దొర మొహం ఎర్రగా అయింది, తర్వాత తెల్లగా అయింది. ఆయనా పది రోజులుగా అదే చొక్కాలో ఉన్నాడు. రేపో మాపో జపాన్ వాళ్ళు ఆయన్నీ కంచె లోపలికి తోస్తారు. అది తెలిసీ అన్నాను. నాకేం బాధ లేదు.

హాల్లోకి వస్తే దోర్సినా నన్ను చూసి మొహం తిప్పుకుంది. పోనీ.

మార్చి 15

నిలబడ్డాను. నా వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ మగవాళ్ళూ పారిపోయినవాళ్ళే.

మార్చి 16

ఏడుగురం. కెర్తో అవ్వ కూడా కర్ర పట్టుకుని వచ్చి వెనకాల నిలబడింది. "నీకేం రావాలి అవ్వా?" అంటే, "నాకేం రాదు. ఊరికే కూర్చోలేక వచ్చా," అంది.

ఏలియాస్ కంట పడ్డం లేదు. నేను వరసలో ఉంటే ఆయన గోడ అవతలికి పోతాడు. కాలు నొప్పేమో. తన మూడు నెలల జీతంలోంచి కొంత తీసి తుమి చేతిలో పెట్టి పంపాడు. నేను తిరిగి పంపాను. అడుక్కోవడానికి కాదు నేను నిలబడుతున్నది.

మార్చి 17

ఇచ్చాడు.

ఫిబ్రవరి జీతం ఒక్కటే, మార్చి ఎనిమిది రోజులూ లేదు. "ఈ ఏడుగురి గొడవ వదిలితే చాలు," అన్నాడు. ఒక షరతు: పుస్తకంలో మొగుడి పేరు పక్కన 'పారిపోయాడు' అన్న చోట పెళ్ళాం వేలిముద్ర వెయ్యాలి, ఒప్పుకున్నట్టు. సిరా మెత్త నా ముందుకి తోశాడు. నాకు రాయడం వచ్చని చెప్పలేదు. చెబితే ఇంకో గంట పడుతుంది, వెనక ఆరుగురు ఉన్నారు. వేలు ముంచి వేశాను. డబ్బు లెక్క చూసుకుని కొంగున కట్టుకున్నాను.

సంతోషంగా ఉంది. ఆయన లేకుండా ఆయన జీతం తీసుకున్న మొదటి ఆడదాన్ని ఈ బ్యారక్‌లో నేనే అయి ఉంటాను. ఆయనకి చెబితే నమ్మడు.

మార్చి 18

ఆడవాళ్ళూ పిల్లలూ ఇరవై ఒకటో తారీకు మధ్యాహ్నానికల్లా ఖాళీ చెయ్యాలట. ఇక మీదట ఇది ఖైదీల బ్యారక్. మగవాళ్ళు లోపల, మేము బయట. పుట్టింది ఇక్కడే, ఎక్కడికి పోవాలో తెలియనివాళ్ళు సగం మంది ఉన్నారు.

నాకు తెలుసు. కెబుమెన్ అవతల ఆయన ఊరు. పారిపోయినవాడు తల్లి దగ్గరికి కాక ఎక్కడికి పోతాడు? తుమిని తీసుకుని నడిచి పోతాను. బజారుకెళ్ళి ఆయనకో కొత్త లుంగీ కొన్నాను, నీలం గళ్ళది. ఎవరిదో కట్టుకుని ఎన్నాళ్ళు తిరుగుతాడు. అత్తగారికి బెల్లం కొన్నాను. లుంగీ మంచం మీద పరిచి దోర్సినాకి చూపించాను.

"బాగుందా ఉసీ? ఆయనకి నీలం నచ్చదు. అయినా కడతాడు."

ఆవిడ లుంగీ చేత్తో ముట్టుకుంది. తెర లాగేసుకుంది. వాళ్ళాయన లోపల ఉండిపోతాడు, మా ఆయన బయట ఉన్నాడు. అసూయ ఉంటుంది మరి. తొమ్మిదేళ్ళు నేను పడ్డాను కదా.

మార్చి 19

తెర అవతల గుసగుసలు. ఏలియాస్, దోర్సినా. విననట్టే ఉన్నాను.

మార్చి 20

సామాను కడుతుంటే దోర్సినా తెర తీసింది. అడగకుండా తీసింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఎవరి తెరా అలా తియ్యలేదు.

"చెల్లీ, ఆ ఊరు పోవద్దు."

"ఎందుకు పోవద్దు?"

"అక్కడ ఆయన లేడు."

"మీకెలా తెలుసు?"

ఆవిడ మంచం మీద కూర్చుంది. నేను అడుగుతూనే ఉన్నాను, ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. వెనక ఏలియాస్ నిలబడి ఉన్నాడు. ఆయనే చెప్పాడు.

"వంతెన దగ్గర చెల్లీ. మార్చి అయిదో తారీకు. వెనక్కి వచ్చెయ్యమని ఆర్డరొచ్చింది, అందరం లేచాం. మెషిన్‌గన్ దగ్గర చిన్న దొర ఒకడున్నాడు, మీసం కూడా సరిగా రానివాడు. కాలికి దెబ్బ. మీరు పొండి, నేనిక్కడే ఉంటా అన్నాడు. నేను పోనిరన్‌ని రమ్మని లాగాను. నవ్వాడు. 'మా ఆవిడ దొరలు పారిపోతే పొమ్మంది. ఈయన పోవట్లేదుగా' అన్నాడు. తూటాల పెట్టె లాక్కుని ఆ కుర్రాడి పక్కన కూర్చున్నాడు."

"తర్వాత?"

"తర్వాత రోజు నేను వెనక్కి వెళ్ళాను. ఇద్దరినీ గట్టు పక్కన పూడ్చాను. పుస్తకం జేబులో ఉంది."

నేను అడిగాను, మరి ఎందుకు అలా చెప్పావని.

"గేటు దగ్గర నిన్ను చూశాను," అన్నాడు. "ఆరోజు నువ్వు పట్టీలు చుడుతూ అన్నది మేమిద్దరం విన్నాం, తెర ఇవతల. వినకూడదు, విన్నాం. నువ్వు ఏ మాట కోసం నిలబడ్డావో నాకు తెలుసు. నోట్లోంచి అదే వచ్చింది. దొర రాసేశాడు. మర్నాడు చెబుదామనుకున్నాను, నువ్వు వరసలో నిలబడ్డావు. ఆ మర్నాడూ నిలబడ్డావు. ఎలా చెప్పను?"

దోర్సినా ఏడుస్తోంది. నేను ఏలియాస్‌ని కొట్టాను. చెంప మీద, రెండుసార్లు. ఆయన కదల్లేదు. తుమి మంచం కింద నుంచి చూస్తోంది.

తొమ్మిది రోజులు నేను సంతోషంగా ఉన్నాను. ఆయన అప్పటికే మట్టిలో ఉన్నాడు, నేను నవ్వుతూ వరసలో నిలబడ్డాను.

సాయంత్రం

ఆయన మీద కోపంగా ఉంది. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. నేనన్నది ఒక మాట. కాళ్ళకి గుడ్డ చుడుతూ, భయంతో అన్న మాట. దాన్ని ఇంత అక్షరం పొల్లుపోకుండా పాటించమని ఎవరు చెప్పారు? తన ఇష్టానికి వదిలేస్తే వచ్చేసేవాడేమో. లేక రాకపోయేవాడేమో. ఆ కుర్రాడి తల్లి ఏ దేశంలో ఉందో. ఆమెకి నా మొగుడి పేరు కూడా తెలియదు.

ఆ నీలం లుంగీ దోర్సినాకి ఇచ్చేశాను, ఏలియాస్ కోసం. కంచె లోపల చలిగా ఉంటుంది. తీసుకోనంది. వాళ్ళ మంచం మీద పడేసి వచ్చాను.

మార్చి 21

పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళాను. వరస లేదు. లామర్స్ దొర పుస్తకాలు తాళ్ళతో కడుతున్నాడు. మధ్యాహ్నం జపాన్ వాళ్ళకి అప్పగించాలి. నన్ను చూసి, "నీకివ్వాల్సింది అయిపోయింది," అన్నాడు.

"డబ్బు కోసం రాలేదు దొరా. పోనిరన్ పేరు పక్కన 'పారిపోయాడు' అన్నది కొట్టెయ్యండి. చనిపోయాడు."

ఏలియాస్ చెప్పిందంతా చెప్పాను. ఆయన విన్నాడు. చిన్న దొర సంగతి చెప్పినప్పుడు తాళ్ళు వదిలేసి కూర్చున్నాడు. ఆ కుర్రాడి పేరు ఆయనకి తెలుసు. రెండుసార్లు పలికాడు.

తర్వాత అన్నాడు, "నీ మంచికే చెబుతున్నా, విను. మొన్న నువ్వే వేలిముద్ర వేశావు. చనిపోయాడని రాస్తే ఆ జీతం వెనక్కివ్వాలి, ఎందుకంటే చనిపోయినవాళ్ళ లెక్క బాండుంగ్‌ది. బాండుంగ్‌లో ఇప్పుడు ఎవరూ లేరు, నీకేమీ రాదు. ఇంకోటి. ఈ పుస్తకం వాళ్ళు చదువుతారు. పారిపోయినవాడి పెళ్ళానివైతే నిన్నెవరూ పట్టించుకోరు. తమ మీద కాల్పులు జరిపినవాడి పెళ్ళానివైతే ఏం చేస్తారో నాకు తెలియదు. నీకు పిల్ల ఉంది. అలాగే ఉండనీ."

"డబ్బు ఇవ్వను. ఫిబ్రవరిలో ఆయన నిలబడ్డదానికి అది."

"రెండూ కుదరవమ్మా."

"ఎందుకు కుదరవు? ఫిబ్రవరిలో పని చేశాడు, మార్చిలో చచ్చాడు. మీకు కుదరకపోతే నేను కుదురుస్తా. పుస్తకం ఇటివ్వండి."

ఆయన కలం అందుకుంటుంటే నేనే తీసుకున్నాను. సిరా మెత్త నా ముందుకి జరపబోయాడు. అక్కర్లేదన్నాను. పోనిరన్ పేరున్న పేజీ నేనే వెతికాను, మా ఆయన నంబరు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. 'పారిపోయాడు' మీద గీత పెట్టాను, ఒకటి కాదు, నాలుగు. నా వేలిముద్ర మీద కూడా పెట్టాను. గడి చిన్నది, నా రాత పెద్దది. పక్క గడిలోకీ పై గడిలోకీ పోయింది. రాసింది ఇది:

పోనిరన్. మార్చి అయిదున, సోలో దారిలో వంతెన దగ్గర చనిపోయాడు. ఆర్డరొచ్చినా కదల్లేదు, దెబ్బతిన్న దొరని వదిలి రాలేదు. ఇది రాసింది అతని భార్య రుబినెం.

లామర్స్ దొర ఆపలేదు. నేను రాస్తున్నంతసేపూ నా చేతినే చూశాడు. "నీకు రాయడం వచ్చా?" అన్నాడు చివర్లో. ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదన్నాను. సిరా ఆరేదాకా పుస్తకం ముయ్యనివ్వలేదు.

మధ్యాహ్నం బూర ఊదారు. మేము మూటలతో గేటు బయటికి వచ్చాం. మగవాళ్ళు కంచె వెనక వరసగా నిలబడి చూశారు. అత్తగారి ఊరికే పోతున్నాను. ఆవిడకి నా నోటితో చెప్పాలి, నలభయ్యో రోజు భోజనాలు పెట్టాలి, దానికి ఆయన జీతమే ఖర్చు చేస్తాను. గేటు దగ్గర జపాన్ సిపాయిలు పుస్తకాల కట్టలు బండికి ఎక్కిస్తున్నారు. దోర్సినా నా మూట ఒక చివర పట్టుకుని నడుస్తోంది. "వాళ్ళకి మన రాత ఒక్క ముక్క రాదు చెల్లీ. ఎవరు చదవాలని రాశావు?" అంది.

రాకపోతే నేర్చుకుంటారు. ఇక్కడ ఉండాలనుకునేవాళ్ళు నేర్చుకోవాలి.